కుడివైపు నాడె

లహరి సినిమా తీస్తోందన్న మాట వాళ్ల వీధిలో పాకగానే అందరూ అడిగింది ఒకటే: హీరో ఎవరు? "మా తాత" అంది లహరి. దాంతో రెండు రోజులపాటు తాత గోపాలయ్య చాయ్ హోటల్ గడప తొక్కితే చాలు, అక్కడున్న నలుగురూ లేచి నిలబడి "హీరో వచ్చిండు, జర జాగ ఇయ్యుండ్రి" అని ఆటపట్టించారు. డెబ్బై రెండేళ్ల మనిషి పైకి విసుక్కున్నాడు. మూడో రోజు మాత్రం నున్నగా గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మరీ చాయ్‌కి వెళ్లాడు.

అది బొమ్మల సినిమా. లహరి హైదరాబాదులో యానిమేషన్ చదువుతోంది, చివరి ఏడాది. సొంతంగా ఒక చిన్న సినిమా చేసి, గడువులోపల అప్పగించి, ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడితేనే ఆ చదువు పూర్తయినట్టు. గడువు తప్పితే ఏడాదంతా మళ్లీ మొదటికొస్తుంది. సెకనుకు పన్నెండు బొమ్మలు గీయాలి. మనిషి చెయ్యెత్తి దించడానికి లహరికి ఒక పూట పడుతుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల సినిమాకి పదకొండు నెలలు పట్టాయి. ఆ మాట విని వాళ్ల అవ్వ, గోపాలయ్య భార్య సత్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మేమే నయం బిడ్డా, వారానికో చీర దింపుతం" అంది.

కథ పెద్దదేం కాదు. ఒక ముసలాయన గుంట మగ్గం మీద కూర్చుని చీర నేస్తుంటాడు. నేసిన కొద్దీ ఆ బట్టలోంచి చుట్టుపక్కల లోకం బయటికొస్తుంది. గద్వాల కోట గోడ, ఐజ రోడ్డు మీద మిరప కల్లాలు, కొల్లాపూర్ మామిడి తోటలు. చివర్లో చీర కొంగు జారి కృష్ణ అయి పారుతుంది. ఆ పద్నాలుగు సెకన్ల నది మీద లహరికి చెప్పలేనంత మోజు. రెండు నెలలు కూర్చుని గీసింది. కాలేజీలో ఆ ముక్క చూసినవాళ్లంతా నోరెళ్లబెట్టారు. దానికి రంగు వెయ్యడం ఒక్కటే మిగిలింది, అందుకు తొమ్మిది రోజుల టైముంది. ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, హాయిగా రంగులు పూసుకుందామని కంప్యూటర్ చంకన పెట్టుకుని గద్వాల వచ్చేసింది.

వచ్చిన రోజే మధ్యాహ్నం భోజనాలయ్యాక సినిమా చూపించింది. ప్రేక్షకులు ముగ్గురు: తాత, అవ్వ, పక్కింటి మణెమ్మ. గోపాలయ్య కళ్లద్దాలు తుడుచుకుని తెరకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చున్నాడు. సినిమా అయ్యేదాకా కళ్లద్దాలు ముక్కు మీదికి తోసుకుంటూనే ఉన్నాడు. అయిపోయాక, "ముక్కు జర పెద్దగ ఏసినవ్ గని, నేనే" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. లహరికి పదకొండు నెలల అలసట ఒక్కసారిగా తీరిపోయింది.

సత్యమ్మ మాత్రం మళ్లొక్కసారి పెట్టమంది. రెండోసారి మగ్గం రాగానే తెర మీద వేలు పెట్టింది.

"బొమ్మలైతె మస్తున్నయి బిడ్డా. గని ఈ చీర నిలవదు."

"నిలవదంటె?"

"కుడిదిక్కు నాడె ఎవలేస్తున్రు?"

లహరికి అర్థం కాలేదు. మణెమ్మకు అర్థమై నవ్వింది. "అవు గద. పక్కకు కూసునేటోళ్లేరి? మగ్గం దిగంగనే అంచు ఊడి చేతికొస్తది" అంది.

గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. అందుకని అడ్డపోగును మోసుకుపోయే నాడె ఒక్కటే ఈ కొస నుంచి ఆ కొసకు పోతే కుదరదు. మూడు నాడెలు కావాలి. నడిమి నూలు నాడె, ఎడమ అంచు పట్టు నాడె మగ్గం ముందు కూర్చున్న మనిషివి. కుడి అంచు నాడె మాత్రం పక్కన కూర్చున్న మనిషిది. ఒక్కో వరుసకు నూలు పోగు వచ్చి ఆగిన చోట పట్టుపోగు దాన్ని అందుకుని మెలిక వేసి వెనక్కి పోవాలి. ఆ మెలికలు వరుసకొకటి చొప్పున పడితేనే అంచు, చీర ఒక బట్ట అవుతాయి. లహరి సినిమాలో తాత ఒక్కడే కూర్చుని ఒక్క నాడెను అటూ ఇటూ విసురుతున్నాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కాని అట్లా నేస్తే గద్వాల చీర తయారు కాదు.

ఆ ఇంట్లోనే పుట్టి, ఆ మగ్గం చప్పుడుకే నిద్రపోయి పెరిగిన పిల్ల ఇంత తప్పు ఎట్లా చేసిందీ అంటే, ఏం చెప్పాలి. అవ్వ ఆ పక్కన కూర్చుంటుందని లహరికి తెలియక కాదు. తాతకు తోడు కూర్చుంటుంది, కాస్త సాయం చేస్తుంది అనుకుంది. వీధిలో అందరూ అనుకునేదీ అదే. ముందు గదిలో గోడకు అయిదు ఫోటోలున్నాయి. ఆఫీసర్లతో ఒకటి, చీరల షాపువాళ్లు తీసి పంపినవి రెండు, శాలువా కప్పినప్పటివి రెండు. అయిదింటిలోనూ మగ్గం మీద గోపాలయ్య ఒక్కడే.

లహరి ఫోను తెరిచి, కిందటేడాది బొమ్మలకు నమూనాగా తీసుకున్న వీడియో పెట్టింది. పదకొండు నెలలు ఆ వీడియోను చూసి చూసి గీసింది, కాని ఎప్పుడూ మొదటి ఆరు సెకన్లు దాటేసి, తాత ఒక్కడున్న చోటి నుంచే మొదలుపెట్టేది. ఇప్పుడు మొదటి నుంచి చూసింది. అందులో అవ్వ తాత పక్కనే కూర్చుని ఉంది. అప్పుడు లహరి గొంతే వినిపించింది: "అవ్వా, జర లేసి పక్కకు రా. అడ్డమొస్తున్నవ్." సత్యమ్మ చేతిలో నాడె పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, కొంగు సర్దుకుని తెరలోంచి బయటికి పోయింది. ఆ తర్వాత తాత కెమెరా కోసం ఉత్తుత్తిగా నడిమి నాడె ఒక్కటే విసిరాడు.

లహరికి సిగ్గేసింది. ఆ వీడియోను మూడుసార్లు చూసి ఫోను బోర్లా పెట్టేసింది.

"నువ్వొక్కదానివేనా అట్లన్నది" అంది మణెమ్మ. "కెమెరా ఎవలు తెచ్చినా మేం లేస్తం. మా ఇంట్ల గూడ అంతే. అడ్డమెందుకని."

సాయంత్రం లహరి వాళ్ల టీచర్ సుదర్శన్ గారికి ఫోన్ చేసింది. ఆయన చెడ్డవాడు కాదు, పిల్లల కోసం ప్రాణం పెట్టే మనిషే. అంతా విని నెమ్మదిగా చెప్పాడు: "నువ్వు చెప్పింది నిజమే అమ్మా. కానీ పరీక్షకు వచ్చే ముగ్గురిలో ఒక్కరికి కూడా ఆ తేడా తెలియదు. నది మాత్రం అందరికీ కనిపిస్తుంది. తొమ్మిది రోజుల్లో రెండూ కావు. ఏదో ఒకటి ఎంచుకో. గడువు పెంచడం నా చేతిలో లేదు."

లహరి కాగితం తీసుకుని లెక్కేసింది. మగ్గం మొత్తం కనిపించే చోట్లు మూడు, కలిపి ఇరవై ఎనిమిది సెకన్లు. మూడు వందల ముప్పై ఆరు బొమ్మలు మళ్లీ గీయాలి. మగ్గం చప్పుడు కూడా ఆ ఉత్తుత్తి వీడియోలోదే కాబట్టి అదీ మార్చాలి. ఇదంతా చేస్తే నదికి రంగు ఉండదు, రంగులేని నదిని సినిమాలో పెట్టడం కుదరదు. నది తీసేస్తే సినిమాకి ముగింపే లేదు. మధ్యలో చేతులెత్తేస్తే ఏడాది పోతుంది.

ఇంట్లో ఒక్కరూ ఆమె పక్షాన లేరు. "చూసెటోళ్లకు ఏం తెల్వదు, నేనొక్కన్ని ఉంటె నీకేమాయె" అన్నాడు గోపాలయ్య, సగం సరదాగా, సగం నిజంగానే. సత్యమ్మ ఇంకా గట్టిగా చెప్పింది. "ఇడిసిపెట్టు బిడ్డా. ఏదో నోరూకోక అన్న. నన్ను సినిమాల ఎవలు చూస్తరు? నువ్వు పాస్ గావాలె, అంతే."

"నిన్ను చూస్తందుకు గాదవ్వా. చీర నిలవదని నువ్వే అంటివి గద" అంది లహరి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ మగ్గం మీద కూర్చోబెట్టి, కుడివైపు నుంచి ఫోను ఎత్తింది. ఫోను ఎత్తగానే సత్యమ్మ లేచి నిలబడింది. "కూసో అవ్వా" అంటే నవ్వుకుంటూ కూర్చుంది. మళ్లీ ఎత్తింది, మళ్లీ లేచింది. నలభై ఏళ్ల అలవాటు, మనిషి వద్దనుకున్నా మోకాలు వినదు. చివరికి లహరి ఫోనును గూట్లో దారపు కండెల డబ్బా చాటున పెట్టి, తాను వంటింట్లోకి పోయి కూర్చోవాల్సి వచ్చింది.

ఆ వీడియో చూసి రోజంతా నలభై బొమ్మలు గీసింది. గీసినవి ఆడించి చూస్తే ప్రాణం లేదు. సత్యమ్మకు చూపిస్తే మొహమాటం లేకుండా తేల్చేసింది. "నాడె ఏసినట్టు లేదు. దోమను కొట్టినట్టున్నది."

లహరికి ఉక్రోషం వచ్చింది. "అయితె నేనే కూసుంట, జరుగు" అని అవ్వను లేపి, ఆమె జాగాలో కుడివైపు కూర్చుంది. గోపాలయ్య నవ్వుకుంటూ గుంటలో కాలితో కట్టె తొక్కాడు. పడుగు పోగులు పైకీ కిందికీ విడి నాడెకు దారిచ్చాయి. నడిమి నాడె వచ్చి ఆగింది. లహరి తన నాడెను వెతుక్కుని, పోగును వెతుక్కుని, మెలిక వేసేలోపు పడుగు మూసుకుపోయింది. మళ్లీ తొక్కాడు. ఈసారి పట్టుపోగు తెగింది. దాన్ని ముడేసి మళ్లీ మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా నేస్తే వేలెడు బట్ట కూడా కాలేదు, ఉన్నది కూడా వంకరపోయింది. ఒక్కో వరుసకు గోపాలయ్య కాలు ఎత్తి గాలిలో పెట్టుకుని మనవరాలి కోసం ఆగాల్సి వచ్చింది.

అట్లా ఆగీ ఆగీ, ముసలాయన మొహంలో నవ్వు పోయింది. కోపం కాదది, ఏదో ఆలోచన.

"నలభై ఏండ్లాయె. నేనెన్నడు గిట్ల ఆగలే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "సత్తెమ్మా, గట్లెట్ల అందుకుంటవ్ నువ్వు? నేనెన్నడు చూడనే లేదు."

"నువ్వెట్ల చూస్తవ్? నీ చూపంత నీ నాడె మీదనే ఉండె" అంది సత్యమ్మ. ఎత్తిపొడుపేమీ లేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. తర్వాత మనవరాలిని జరిపి తాను కూర్చుంది. "నాడెను చూడొద్దు బిడ్డా. నాడె వచ్చినంక చెయ్యి చాపితె ఎనుకబడిపోతం. తాత కాలు లేస్తదా, కట్టె జర కిర్రుమంటది. గా చప్పుడు ఇని చెయ్యి పోవాలె."

లహరి ఆ మాటను పట్టుకుంది. పరుగున పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ తాత కాలు పడ్డాక అవ్వ చెయ్యి కదిలేలా గీసింది. ఇప్పుడు అవ్వ చేతిని రెండు బొమ్మలు ముందుకు జరిపింది. తాత కాలు ఇంకా కిందికి దిగకముందే అవ్వ వేళ్లు కదలాలి. రెండంటే రెండే బొమ్మలు, కన్ను మూసి తెరిచేంత కూడా కాదు. ఆడించి చూసింది. తెర మీద సత్యమ్మ నేస్తోంది. లహరికి ఏడుపొచ్చింది, ఆ తర్వాత విపరీతంగా ఆకలేసింది.

ఇక ఆ పిల్లను ఆపేవాళ్లు లేకపోయారు. రాత్రీ పగలూ కూర్చుని రోజుకు డెబ్బై బొమ్మల చొప్పున గీసింది. సత్యమ్మ పళ్లెంలో అన్నం కలిపి తెచ్చి ముద్దలు నోట్లో పెడుతూ, మరో చేత్తో తెర మీద తప్పులు చూపించేది. వేలు అట్లా వంగదని, మోచెయ్యి అంత లేవదని. ఆవిడ కంటికి దొరకని తప్పు లేదు. సుదర్శన్ గారి క్లాసులో కూడా లహరి అన్ని తిట్లు తినలేదు. చప్పుడు కూడా మళ్లీ రికార్డు చేసింది. మొదటిదాంట్లో మగ్గం టక్, టక్ మని ఒంటిగా మోగేది. ఇప్పుడు ప్రతి టక్‌కూ ముందు చిన్న సవ్వడి ఒకటి వినిపిస్తోంది, కుడివైపు నాడెది.

ఎనిమిదో రోజు నదిని తీసేసింది. ఒక్క నొక్కుతో రెండు నెలల పని పక్కకు పోయింది. బాధ కలగలేదంటే అబద్ధం. ఆ తర్వాత నది ఉన్న చోట ఇంకేదో పెట్టాలి కాబట్టి, నాలుగంటే నాలుగే సెకన్లలో, రోజూ చూసేదే గీసింది. నేసిన చీరను ఇద్దరూ చెరో కొస పట్టుకుని, లాగి, దగ్గరికొచ్చి మడత పెట్టడం. మడతలు పడే కొద్దీ ఇద్దరూ దగ్గరవుతారు. అంతటితో అయిపోతుంది. సినిమా పేరు మొదట 'తాత మగ్గం' అని ఉండేది, దాన్ని కొట్టేసి 'మూడు నాడెలు' అని రాసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి, గడువుకు రెండు గంటల ముందు, పంపించేసింది.

పరీక్షకుల్లో ఒకాయన నది ఏమైందని అడిగాడు. కాలేజీలో దాని పేరు అంతగా మోగింది మరి. కొంగు కన్నా ముందు అంచు నిలవాలి సార్, అని చెప్పింది లహరి. ఆయనకు సగమే అర్థమైనట్టుంది. రెండో ఆవిడ మాత్రం పక్కన కూర్చున్న ముసలమ్మ చెయ్యిని మళ్లీ చూపించమని అడిగింది. రెండుసార్లు చూసి, ఆ చెయ్యి ముందే ఎందుకు కదులుతోందని అడిగింది. లహరి చెప్పింది. అప్పుడు ముగ్గురూ కాగితాల మీద ఏదో రాసుకున్నారు. ఆ ఏడాది పిల్లలు చేసిన ఇరవై రెండు సినిమాల్లో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు లహరి సినిమాకే. సుదర్శన్ గారు ఫోన్ చేసి, "నేను తప్పు చెప్పానమ్మా" అన్నాడు. అట్లా అనగలిగే టీచర్లు ఎంతమంది ఉంటారు.

అయితే లహరికి అసలు పరీక్ష అది కాదు. అసలు పరీక్ష గద్వాలలో ఉంది. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ఎక్కరు. వీధికి వీధంతా ఖాళీగా ఉండే రోజు అదొక్కటే కాబట్టి, ఆ మధ్యాహ్నం నేత సంఘం హాల్లో సినిమా వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. గోడకు తెల్ల ధోవతి బిగించారు. నూట యాభై మంది దాకా వచ్చి కింద కూర్చున్నారు. వాళ్లలో నాడె పట్టని చెయ్యి ఒక్కటి లేదు. హైదరాబాదులో బెదరని లహరి ఇక్కడ తెర పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడింది.

మగ్గం తెర మీదికి వచ్చింది. లహరి తెరను చూడలేదు, మనుషులను చూసింది. ముందు వరసలో మణెమ్మ ఒడిలో ఉన్న కుడిచెయ్యి కదిలింది. తెర మీద గోపాలయ్య కాలు ఇంకా కిందికి దిగకముందే, సరిగ్గా రెండు బొమ్మల ముందు. ఆ వెనక కూర్చున్న జములమ్మ అనే ఆవిడ చెయ్యి కదిలింది. ఆమె వెనక ఇంకొకావిడది. చూస్తుండగానే హాల్లో ఆడవాళ్లందరి చేతులూ ఒడిలో, మోకాళ్ల మీద, కొంగు చాటున, ఒక్క లయలో కదులుతున్నాయి. చేస్తున్నామని వాళ్లకే తెలియదు. మగవాళ్లు కొందరు తెర వదిలేసి పక్కనున్న భార్యల చేతులు చూస్తున్నారు.

సినిమా అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు మణెమ్మ వెనక్కి తిరిగి, హాలంతటికీ వినబడేలా ఒకే మాట అంది.

"అంచు పట్టింది."

ఆ తర్వాత మొదలైన చప్పట్లు చాలాసేపు ఆగలేదు. సినిమాను ఇంకో నాలుగుసార్లు వేయించుకున్నారు. ప్రతిసారీ సత్యమ్మ తలొంచుకునే చూసింది, కాని ప్రతిసారీ చూసింది. చాయ్ హోటల్ నలుగురూ గోపాలయ్య చుట్టూ చేరి, "హీరోవి నువ్వంటివి గదనే, ఆమె అయ్యింది" అన్నారు. "ముందుగాల్ల నుంచి ఆమెనే. నాకే జర లేట్‌గ తెలిసింది" అన్నాడు గోపాలయ్య.

మర్నాడు పొద్దున గిరిధర్ అని స్థానిక పేపరు ఫోటోగ్రాఫర్ ఇంటికి వచ్చాడు. మనవరాలు సినిమా తీసిన మగ్గం ఫోటో కావాలన్నాడు. ముసలాళ్లిద్దరూ నేస్తున్నారు. లహరి తలుపు దగ్గర నిలబడింది. గిరిధర్ మగ్గానికి ఎదురుగా వచ్చి కెమెరా కంటికి పెట్టుకున్నాడు. అంతే, సత్యమ్మ నాడె పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించింది. నూట యాభై మంది చప్పట్లు కొట్టి ఇంకా ఒక్క రోజు కూడా గడవలేదు, ఆ మోకాలికి ఆ సంగతి తెలియదు. లహరి నోరు తెరవబోయింది.

ఈలోపే గోపాలయ్య కాలు తీసేశాడు. పడుగు మూసుకుంది, మగ్గం ఆగిపోయింది.

"కూసో సత్తెమ్మా" అన్నాడు. "నువ్వు లేస్తె నేనేం నేస్త?"

సత్యమ్మ ఆయన మొహంలోకి చూసింది. మోకాలి మీది చెయ్యి తీసింది. కొంగు సర్దుకుని, నాడె చేతిలోకి తీసుకుని, ఆయన కాలి చప్పుడు కోసం చెవి పెట్టి కూర్చుంది. గదేమో చిన్నది, గిరిధర్ ఎంత వంగినా ఇద్దరూ ఒక్క ఫోటోలో పట్టడం లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు, గడప తగిలింది. చివరికి చెప్పులేసుకుని, గడప దాటి, వీధిలో నిలబడి తీశాడు.